లోపలి నుంచి తెరిచిన తలుపు

దీపాలు పెట్టే వేళ… బర్మాలో పజుండౌంగ్ కాలువ మీద ఉరుము దొర్లింది. కర్ఫ్యూకి జడిసి వీధంతా ఊపిరి బిగబట్టుకుంది. అటకమీద తమ్ముడు సూరి నక్కి ఉన్నాడు. సైన్యానికి ఎదురుతిరిగిన ఊరేగింపుల నుంచి తప్పించుకొచ్చినవాడు, గస్తీ బండికి దొరికితే ప్రాణాలతో రాడు.

కింద పద్మిని ఇంటర్నెట్ రౌటర్ లాగ్, అంటే వచ్చిపోయేవాటి చిట్టా, చదువుతోంది. ఎక్కడెక్కడి యంత్రాలో గుడ్డిగా తలుపు తడతాయి, రౌటర్ పొమ్మంటుంది. అది మామూలే. కానీ ఒక్క అడ్రసు మాత్రం రోజూ లోపలికి వస్తోంది! లోపలివాళ్ళు గడియ తీస్తేనే అలా రాగలదు. ఆ దారి పూజగదిలోకి పోతోంది.

అక్కడ దీపం ఎదుట ఎర్రదారం చుట్టిన కెమెరా. కర్ఫ్యూలో తాను రాలేనని, కాలువ అవతల తన ఇంట్లో పుర్రె ముందు కూచునే దీపాన్ని కనిపెడతానని మంత్రగాడు కన్నారావు అమ్మ తులసమ్మకి ఇచ్చాడు. అది పెట్టించుకున్న మరో రెండిళ్ళలో కుర్రాళ్ళని సైనికులు ఇప్పటికే పట్టుకుపోయారు. అడ్రసు లోపలికొచ్చిన వేళలూ, అమ్మకి పూనకం వచ్చిన వేళలూ ఒకటే. ఒక్కరోజూ ఎనిమిది దాటి ఉండలేదు… ఎందుకో పద్మినికి తెలిసింది.

ఏడూ యాభై రెండు. లాగ్‌లో కొత్త వరస. తులసమ్మ మెడ వంకరపోయింది. ఆమె నోట కన్నారావు గొంతు…

"ఏటే పద్మినీ, బియ్యం ఒకరికెక్కువ పోసినావు. ఎవుడికే?"

"పిల్లికి మావా."

"పిల్లి దగ్గుతాదేటి?"

పద్మిని చెయ్యి కెమెరా తీగ మీదికి పోయింది.

"పీకు. నానిక్కడే ఉండిపోతాను. మీయమ్మ మరి రాదు."

"వాడెక్కడున్నాడో చెప్తే అమ్మనొదిలేస్తావా?"

"చెప్పు మరి."

"గట్టిగా అనలేను. వాడికి వినిపిస్తాది. ఇంకా దగ్గరకి రా…"

ఆశకొద్దీ అమ్మ చెవుల దాకా వచ్చాడు. ఎనిమిదయింది!

ఎదురు మేడమీద ఒక గిన్నె మోగింది. వెంటనే వీధి, పేట, నది దాకా నగరమంతా… దుష్టశక్తిని గిన్నెలు మోగించి తరమడం బర్మా ఆచారం. దేశాన్ని పట్టిన సైనికుల పీడ పోవాలని ఆ ఏడాది రోజూ రాత్రి ఎనిమిదికి మోగేవి. పద్మిని కిటికీలన్నీ తెరిచింది. అన్నం తపేలా పట్టుకుని అమ్మ చెవి దగ్గర గరిటెతో కొట్టింది.

"ఆపే… ఆపే తల్లీ…"

చెవుల్లోంచి రక్తం. ఆ చెవులు అమ్మవి. తెలుసు. ఇంకా దగ్గరగా కొట్టింది. తన చేతికి ఇంత సుఖం తెలుసునని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తులసమ్మ గొంతులో ఏదో ఎముక పగిలిన చప్పుడు… ఘోరమైన అరుపు, సగంలో తెగిపోయింది.

తెల్లారి కాలువ అవతల, పుర్రె ముక్కల మధ్య కన్నారావు శవం దొరికిందన్నారు.

సూరి అటక దిగాడు. తులసమ్మ గుమ్మంలో అటు తిరిగి బియ్యం ఏరుకుంటోంది.

"అమ్మా," అన్నాడు.

మళ్ళీ పిలిచాడు. ఆమె ఏరుకుంటూనే ఉంది.