గేమ్ మిషను మీది అమ్మాయి

హాల్లో కుట్టు మిషను, వీడియో గేమ్ మిషను పక్కపక్కనే నిలబడి ఉండటంతో, టీ గ్లాసు పట్టుకుని వాటి మధ్యలోంచి దాటాలంటే ఆమె పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. మూడు నెలలుగా ఇదే వరస. ఒకవైపు ఆమె కుట్టాల్సిన కర్టెన్ల గుట్ట, ఇంకోవైపు ఆయన రంగు డబ్బాలు, ఎమరీ కాగితాలు, టర్పెంటైన్ వాసన.

"ఏమండీ, టీ."

"అక్కడ పెట్టు."

"ఎక్కడ పెట్టను? ఉన్న ఒక్క స్టూలునీ మీ డబ్బాలే ఆక్రమించాయి. నేల మీద పెడితే పరధ్యానంలో దానికీ ఒక కోటింగ్ వేసేస్తారు."

పెయింటర్ నవ్వాడు. డబ్బాలు కింద పెట్టి, స్టూలును కిటికీ దగ్గరికి జరిపాడు. "టీ సంగతి తర్వాత. వెలుగు బాగుంది, వచ్చి కూర్చో."

ఆమె గ్లాసు కిటికీ గట్టున పెట్టి, కొంగు సర్దుకుని, స్టూలు మీద కూర్చుంది.

ముప్పై అయిదేళ్లు దుకాణాలకి బోర్డులు రాసిన మనిషి ఆయన. మందుల షాపు, చెప్పుల షాపు, మంగలి షాపు, ఏదైనా సరే అక్షరం చూడగానే ఇది ఫలానా పెయింటర్ చెయ్యి అని చెప్పేసేవారు. తర్వాత ప్రింటింగ్ మిషన్లు వచ్చాయి. గంటలో బోర్డు తయారు. ఆయన రాసినవి ఒక్కొక్కటే దిగిపోయాయి. అదంతా ఒక ఎత్తు, ఒక్కగానొక్క కూతురు చదువు ముగించి అలాంటి ప్రింటింగ్ షాపులోనే డిజైనర్‌గా చేరడం ఇంకో ఎత్తు. ఆయన కోప్పడలేదు. కూతురితో తిండి గురించి మాట్లాడేవాడు, ఆరోగ్యం గురించి మాట్లాడేవాడు. పని గురించి మాత్రం నాలుగేళ్లలో ఒక్క ముక్క అడగలేదు.

ఈ గేమ్ మిషను ఆయన వయసులో ఉన్నప్పుడు చేసిన మొదటి పెద్ద పని. కొత్తగా తెరిచిన గేమ్ పార్లర్ యజమాని, నిలువెత్తు చెక్క పెట్టెకి రెండు పక్కలా బొమ్మ వెయ్యమన్నాడు. మంటల్లోంచి దూకుతున్న గుర్రం, దాని మీద కత్తి ఎత్తిన అమ్మాయి. ఆ పార్లర్‌లో టోకెన్ల కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి వారం రోజులు ఆ బొమ్మని పట్టించుకోలేదు. ఆడటానికి వచ్చిన పిల్లలు ఒకసారి మిషను వైపు, ఒకసారి తన వైపు చూసి ముసిముసిగా నవ్వుకుంటుంటే, లేచి వెళ్ళి చూసింది. గుర్రం మీద ఉన్నది తనే. కోపంతో ఊగిపోతూ నిలదీస్తే, ఆ కుర్ర పెయింటర్ తల దించుకుని, "ఇంకో మొహం రాలేదండీ," అన్నాడు. ఏడాది తిరక్కుండా ఇద్దరికీ పెళ్లయింది.

మూడు నెలల కింద ఆ పార్లర్ భవనం కూలగొడుతుంటే, తీసుకుపోకపోతే తుక్కులోకి వెళ్తుందని కబురొచ్చింది. ట్రాలీ మాట్లాడుకుని ఇంటికి తెచ్చాడు. పిక్చర్ ట్యూబు, వైర్లు, బటన్లు ఆయన స్నేహితుడు టీవీ మెకానిక్ బాగుచేసిపెట్టాడు. ఎడమ పక్క చెక్క తేమకి ఉబ్బిపోతే కొత్త ప్లైవుడ్ కొట్టి, దాన్ని నల్లగానే వదిలేశాడు. కుడి పక్క మాత్రం బొమ్మ వెలిసిపోయినా నిలిచే ఉంది.

"ఈ పక్క ఇలాగే ఉంచెయ్ నాన్నా," అంది కూతురు ఆ రోజు.

"ఉంచెయ్యడానికైతే పెయింటర్ ఎందుకు, కాపలావాడు చాలు. కొత్తగా వేస్తాను. అప్పటికన్నా బాగా వేస్తాను."

ఒక్క పూటలో మొత్తం గీకేశాడు. లప్పం పెట్టాడు, ప్రైమర్ కొట్టాడు, మూడు కోటింగులు నలుపు వేశాడు. మంటలు వచ్చాయి. గుర్రం వచ్చింది. అమ్మాయి ఒళ్లు, ఎత్తిన చెయ్యి, ఎగిరే జుట్టు వచ్చాయి. ముఖం దగ్గర ఆగిపోయింది.

అప్పటికి చేతిలో గ్లాసు కొంచెం టకటకలాడేది, అంతే. అయిదు వారాల కింద డాక్టర్ దగ్గరికి వెళ్లారు. డాక్టర్ ఒక కాగితం, పెన్ను ఇచ్చి, నత్తగుల్లలా గుండ్రంగా తిప్పుతూ ఒక గీత గియ్యమన్నాడు. ముప్పై అయిదేళ్లు గీతలు గీసి బతికినవాడు గీసిన గీత రంపపు పళ్లలా వచ్చింది. "తగ్గే జబ్బు కాదండీ. మందులతో కొంత నెమ్మదిస్తుంది. ఏడాది రెండేళ్లలో చొక్కా గుండీలకి కూడా సాయం కావాల్సి రావచ్చు," అన్నాడు డాక్టర్. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూతురికి చెప్పొద్దని దారిలోనే ఒట్టు వేయించుకున్నాడు.

పదిహేను రోజులుగా ప్రతి ఉదయం ఆమె ఈ స్టూలు మీద కూర్చుంటోంది. ఆయన చెయ్యి ఆన్చుకునే కర్రని పెట్టెకి వాల్చి, మణికట్టు దాని మీద పెట్టి, ఆమె కళ్లలోకి చూసి, ఊపిరి బిగబట్టి కుంచె ఆన్చుతాడు. ఈ రోజూ అలాగే ఆన్చాడు. కనుబొమ్మగా మొదలైన గీత మధ్యలో బెదిరి, నుదుటి మీద పగులులా జుట్టులోకి పోయింది. గుడ్డతో తుడిచేశాడు.

"చలిగా ఉంది. అందుకే."

కిటికీలోంచి ఎండ ఆయన మెడ మీద పడుతోంది. చెమట కనిపిస్తోంది.

"అవునండీ, చలిగానే ఉంది," అంది ఆమె.

మధ్యాహ్నం కుట్టిన కర్టెన్లు ఇచ్చి వస్తూ కూతురి షాపు ముందు నుంచి నడుస్తుంటే, లోపలి నుంచి పిలుపు వినిపించింది. "అమ్మా! ఒక్క నిమిషం లోపలికి రా."

షాపులో మనిషంత పొడుగు కాగితపు చుట్టలు గోడకి ఆనించి ఉన్నాయి. మూల పెద్ద ప్రింటర్ గుయ్యిమంటూ అటూ ఇటూ తిరుగుతోంది. కూతురు ఆమెని దాని ముందు నిలబెట్టింది. ముందు నల్లటి జుట్టు వచ్చింది. తర్వాత నుదురు. తర్వాత కనుబొమ్మలు. గీత వెనక గీతగా, ఇరవై ఏళ్ల వయసులోని తన కళ్లు బయటికి వచ్చి తననే చూస్తుంటే ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"మిషను ఇంటికొచ్చిన రోజే ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకున్నా," అంది కూతురు మెల్లగా. "గీతలు, మరకలు ఒక్కొక్కటే తీసేశా. భోజనం టైముల్లో చేశానులే. మొహం వరకే. మిగతాది నాన్న వేశాడుగా."

"నీకెప్పటి నుంచి తెలుసు, నాన్న చెయ్యి సంగతి?"

"రోజూ ఆయన పక్కన కూర్చునే కదమ్మా అన్నం తినేది."

దాచామనుకున్నది దాగలేదు, అంతే.

"ఆదివారం తెస్తాను. గొడవ చేస్తాడు. నువ్వు వద్దంటే ఇక్కడే చింపేస్తా. చెప్పమ్మా."

వద్దనాలనే అనుకుంది. కానీ రేపు పొద్దున మళ్లీ ఆ స్టూలు మీద కూర్చుని చలిగా ఉందని అనాలి. ఎల్లుండి కూడా. "తెచ్చెయ్," అంది.

ఆదివారం టిఫిన్లు అయ్యాక కూతురు స్టిక్కరు చుట్టని కుట్టు మిషను మీద పరిచింది. పెయింటర్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. బొటనవేలితో ఆ చెంపని మెల్లగా నిమిరాడు. కుంచె జాడ ఏదీ వేలికి తగల్లేదు.

"ఎవరిని అడిగి చేశావు?"

"నాన్నా, ఇది నీ బొమ్మే..."

"ఎవరిని అడిగి చేశావంటున్నా! ఇన్నాళ్లూ వీధిలో బోర్డులు పీకారు. సరే, కాలం అనుకున్నా. ఇప్పుడు నా ఇంట్లోకే తెచ్చావా? మీ మిషనుకి చెయ్యి వణకదు, అదే కదా నువ్వు చెప్పేది?"

"వణకదు నాన్నా," అంది కూతురు. "కానీ ఈ గీత మిషనుది కాదు, నీది. ఉంచమంటే వినకుండా గీకేశావు. నేను దాచిపెట్టాను. అదేనా నేను చేసిన తప్పు?"

పెయింటర్ గిరుక్కున తిరిగి కుంచె అందుకున్నాడు. "ఇప్పుడే వేస్తాను. దీని ముందే వేస్తాను. వచ్చి కూర్చోవే."

ఆమె కదల్లేదు.

"నిన్నే. కూర్చో."

"కూర్చోను."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట ఆయన విన్లేదు. కుంచె పట్టుకుని అలాగే చూశాడు.

"పదిహేను రోజులు కూర్చున్నాను," అంది ఆమె. "నన్ను చూస్తారు, గీస్తారు, తుడుస్తారు. రోజూ నన్నే తుడిచేస్తున్నట్టు ఉంటోందండీ. చలి అని మీరంటారు, అవునని నేనంటాను. ఇద్దరం అబద్ధాలాడుకుని టీ తాగుతున్నాం. దాన్నేమీ అనకండి. తెమ్మన్నది నేనే."

"నువ్వా?"

"నేనే."

ఆయన పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎవరినీ చూడకుండా, జ్ఞాపకం మీదే కుంచె ఆన్చాడు. గీత ఒక అంగుళం వెళ్ళి చిట్లింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మళ్లీ ఆన్చాడు. ఈసారి రెండు చేతులూ కలిసి వణికాయి. తెల్లరంగు చుక్కలు చుక్కలుగా గుర్రం మెడ మీద, మంటల మీద పడింది. కుంచె జారి నేల మీద దొర్లింది. తీసుకోబోయాడు. వేళ్లకి అందలేదు. రెండోసారి ప్రయత్నించలేదు.

"నీ మొహం మర్చిపోలేదే," అన్నాడు, గోడ వైపు తిరిగి. "కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. పుట్టుమచ్చతో సహా." భుజం మీద నుంచి వేళ్ల దాకా చూపించాడు. "ఇదిగో, ఈ దారిలో పోతోంది. ఇక్కడికి వచ్చేసరికి మిగలడం లేదు."

అంతపెద్ద మనిషి పెట్టెకి తల ఆన్చి ఏడుస్తుంటే తల్లీకూతుళ్లు దగ్గరికి వెళ్లలేక, దూరంగా ఉండలేక నిలబడిపోయారు. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవడం లేదు. మళ్లీ మళ్లీ కిక్కు కొడుతున్నారు.

కూతురు ముందు కదిలింది. స్టిక్కరును చుట్టబోయింది.

"చుట్టకు," అన్నాడు ఆయన ముఖం తుడుచుకుంటూ. "అంటించు."

"వద్దులే నాన్నా. నిజంగా వద్దు."

"అంటించమన్నాగా. ఊరికే పడేసి ఉంచితే ముడతలు పడుతుంది. ముందు ఆ తెల్లచుక్కలు తడి ఆరకముందే తుడువు. టర్పెంటైన్ ఎక్కువ ముంచకు, కింద నలుపు లేస్తుంది."

ఆమె గిన్నెలో సబ్బునీళ్లు తెచ్చింది. కూతురు చెక్క మీద నీళ్లు చల్లి, స్టిక్కరు వెనక కాగితం కొద్దికొద్దిగా ఒలుస్తూ, ప్లాస్టిక్ ముక్కతో ఒత్తుకుంటూ వచ్చింది. పెయింటర్ వెనక నిలబడి, పైకి, కొంచెం ఎడమకి, మెడ దగ్గర చూసుకో అంటున్నాడు. చెంప కింద ఒక బుడగ నిలిచిపోయింది. కూతురు గుండుసూది తీసింది.

"చెంప మీద పొడవకమ్మా. గాలిని జుట్టులోకి తోసుకురా. అక్కడ పొడువు, నలుపులో కనబడదు."

కూతురు అలాగే చేసింది. బుడగ పోయింది. ఆయన తల ఊపాడు. నాలుగేళ్లలో ఇద్దరూ పని గురించి మాట్లాడుకోవడం అదే మొదలు.

అయినా అతుకు దాగలేదు. ముఖం గీతలు సూటిగా, నున్నగా ఉన్నాయి. గుర్రం మెడ మీద గీతలు అంచుల్లో పీచు లేచిన తాడులా ఉన్నాయి. ఒకటి ఆరోగ్యంగా ఉన్న చేతి పని, ఇంకోటి జబ్బు చేతి పని అని చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. ముగ్గురూ చూశారు. బాగా కలిసిపోయిందని ఎవరూ అనలేదు.

కూతురు ప్లగ్గు పెట్టింది. తెర వెలిగి, చిన్న పాట మోగి, ఆడేవాళ్ల కోసం బాణం గుర్తు మినుకు మినుకుమంటూ ఆగింది. ఎవరూ బటన్ నొక్కలేదు. కూతురు గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన శబ్దం వినిపించింది. నీళ్ల కింద ఆ పిల్ల ఏడుపు వినిపించింది.

ఆమె భర్త పక్కన నేల మీద చతికిలబడింది.

"బాగుంది," అన్నాడు పెయింటర్. "మంచి చెయ్యి."

"మీ చెయ్యేగా."

"కాదులే. అది వేసిన కుర్రాడు వేరే. వాడింక రాడు."

వస్తాడని అనబోయింది. ఎండలో కూర్చుని చలి అన్నంత తేలిగ్గా ఆ మాట కూడా వచ్చేసేదే. కానీ ఈసారి ఆమెకి నోరు రాలేదు. "రాడు," అంది. అనేశాక కళ్లు నిండిపోయాయి.

ఆయన ఆశ్చర్యంగా ఆమె వైపు తిరిగాడు. ఆ మాటకి బాధపడతాడనుకుంది. భుజాలు మాత్రం మెల్లగా కిందికి జారాయి, మోస్తున్న నిచ్చెన అవతలి కొసని ఎవరో అందుకున్నట్టు. ఆమె ఆయన కుడిచెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. గోళ్ల సందుల్లో ఎండిన నలుపు, ఎరుపు. రెండు చేతులతో గట్టిగా మూసి పట్టుకుంది. లోపల అది వణుకుతూనే ఉంది.