మధ్యాహ్నపు చందమామ

"నా చందమామను ఎవరు ఆర్పేశారు?"

నిచ్చెన భుజాన వేసుకుని వరండాలో పోతున్న ఎలక్ట్రీషియను ఆ కేకకు ఆగి వెనక్కి తిరిగాడు. అతనితోపాటు నిచ్చెనా తిరిగింది. గుమ్మంలో ఉన్న అమ్మాయి గభాలున వంగబట్టి సరిపోయింది గాని, లేకపోతే కథ అక్కడినుంచి ఆసుపత్రికి పోయేది.

"చూసి తిరగండి!"

"మీరు చూసి అరవండి," అన్నాడు. అన్నాక ఆమెను సరిగ్గా చూశాడు. తెల్లకోటు, మోచేతుల దాకా తడి, ముక్కు మీద ఎండిన ఉప్పునీటి చార. ఆ భవనంలో అందరూ పురుగులమ్మాయి అనేది ఈమెనే అని అర్థమైంది. "ఏం పోయిందన్నారు?"

"చందమామ. ఈ గదిలో పైన ఉండేది. మీరేనా పీకింది?"

అతను జేబులోంచి చిన్న బల్బు తీశాడు. "ఇదా? మిట్టమధ్యాహ్నం మనిషి లేని గదిలో వెలుగుతోంది. దండగని తీశాను."

"మీకు మధ్యాహ్నం. వాటికి అర్ధరాత్రి!"

"వేటికి?"

"నా పురుగులకి!"

ఎలక్ట్రీషియను నిచ్చెన గోడకు ఆనించాడు. ఆ ఉద్యోగంలో చేరాక రకరకాల చివాట్లు తిన్నాడు గాని, పురుగుల రాత్రి పాడుచేశాడన్న చివాటు ఇదే మొదలు.

ఆమె అతన్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయినంత పనిచేసింది. కిటికీలకు నల్లకాగితం. బల్లల నిండా ఉప్పునీటి తొట్లు. తొట్లలో దారప్పోగుల్లా సముద్రపు పురుగులు. అవి వెన్నెల లెక్కన గుడ్లు పెడతాయట. కొన్నాళ్ళు వెన్నెల కాసి పోయాకే వాటికి ఆ ముచ్చట. నిజం చందమామను నమ్ముకుంటే రాత్రిళ్ళు జాగారం చెయ్యాలి గనక, గదిలో పగలూ రాత్రీ తారుమారు చేసి, బల్బును చందమామను చేసింది ఆమె.

"అయితే ఇప్పుడే పెట్టేస్తాను మేడమ్."

"చందమామ మధ్యలో మాయమై మళ్ళీ వస్తే మీరు నమ్ముతారా? అవీ నమ్మవు. మళ్ళీ వచ్చేనెలే. వచ్చేనెల దాటితే ఈ గది రొయ్యలవాళ్ళకి ఇచ్చేస్తున్నారు."

ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు సన్నబడింది. కేకకు బెదరని మనిషి, దానికి బెదిరాడు.

సంగతేమిటంటే, గుడ్డులోంచి పిల్ల తయారయ్యేటప్పుడు మొట్టమొదటి నరం ఎక్కడ పుడుతుందన్నది ఆమె పని. తల దగ్గరే అంటాడు ఆ పరిశోధనశాల నడిపే పెద్దసారు. "తలే లేకుండా నరమేమిటమ్మా? యజమాని లేని ఇంట్లో నౌకరా?" అని నవ్వుతాడు. ఆమె మాత్రం ఒకసారి, ఒకే ఒక్కసారి, తోక దగ్గర ముందు మెరవడం చూసింది. మళ్ళీ చూపించగలిగితే గదీ, పనీ ఆమెవి. లేకపోతే రొయ్యలవి.

అంతా విన్నాక, తను చేసిన తప్పు బరువెంతో అతనికి తెలిసింది. నిచ్చెన ఎక్కి బల్బు బిగించాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"ఏం కావాలండీ?"

"టైమరు చూద్దామని."

ఆ మర్నాడూ టైమరే. ఆ పై మర్నాడు హోల్డరు. చందమామ వెలగాల్సిన రోజులు ఇంకా రానేలేదు. అయినా టెస్టరు జేబులో పెట్టుకుని దిగబడేవాడు.

"లేని వెన్నెలకు కాపలా ఏమిటండీ, చందమామగారూ?" అంది ఒకరోజు. ఆ పేరు అలా ఖాయమైంది.

ఒకరోజు మైక్రోస్కోపు చూడనిచ్చింది. పాత పురుగుపిల్లలు, పోయిన నెలల్లో దాచినవి. అతను కళ్ళు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఏం కనిపిస్తోంది?"

"నల్లగా... చెట్లు మేడమ్. అడవిలా ఉంది."

"అవి మీ కనురెప్పల వెంట్రుకలు! కాస్త వెనక్కి రండి."

వెనక్కి వచ్చాడు. ఆమె భుజం తగిలింది. మళ్ళీ ముందుకు పోయాడు. మళ్ళీ అడవి.

"ఆ మొదటి నరం తోక దగ్గర పుట్టి ఊరుకోదు," అని చెప్పింది ఆమె, నవ్వు ఆపుకుని. "సన్నగా ముందుకు పాకుతుంది. తల ఇంకా తయారుకాకుండానే తలవైపు బయలుదేరుతుంది. తరవాతి నరాలు దాని దారి పట్టుకునే వస్తాయని నా అనుమానం."

"తల లేకపోతే, ఎటు పోవాలో దానికెవరు చెబుతారు?"

ఆమె ఠక్కున అతనివైపు చూసింది. "అదే కదండీ నా ప్రశ్న."

అప్పుడే ఫోను మోగింది. చేతులు తొట్టిలో ఉన్నాయి. "మా అత్త. కాస్త ఆ బటన్ నొక్కి పుణ్యం కట్టుకోండి," అంది. అతను నొక్కాడు. ఏ బటనో చూసుకోలేదు.

"ఏమే," అని గది దద్దరిల్లింది. ఆమెను పెంచిన మేనత్త, కుట్టుమిషను తొక్కుతూనే మాట్లాడే మనిషి. "చందమామ ఆర్పినవాడు ఇవాళ కూడా వచ్చాడా?"

"అత్తా, స్పీకరు!"

"వస్తే విననీ. పురుగులకి వెన్నెల పెట్టి మరీ జతలు కలుపుతున్నావు, నీ సంగతేమిటే? ఆ అబ్బాయి మాట్లాడతాడా, లేక నాలుక్కి ఇంకా నరాలు పుట్టలేదా?"

ఎలక్ట్రీషియను టెస్టరు అక్కడే మరచిపోయి వెళ్ళిపోయాడు. దాన్ని తీసుకునే మిషతో ఓ గంటకు తిరిగొచ్చాడు.

చందమామ వెలిగే రోజులొచ్చాయి. నాలుగు గోడల మధ్య వెన్నెల కాసింది, ఆగింది. ఆ తరవాత ఒక మధ్యాహ్నం ఆమె వరండాలోకి పరుగెత్తుకొచ్చి, నిచ్చెన మీదున్న అతన్ని పాంటు పట్టి లాగింది.

"దిగండి! తిరుగుతున్నాయి!"

తొట్టిలో మగపురుగులు ఆడదాని చుట్టూ గిరగిరా తిరుగుతున్నాయి. ఇద్దరూ తొట్టి మీదకు వంగి గుక్క తిప్పుకోకుండా చూశారు. పురుగులకు సిగ్గులేదు. చూసేవాళ్ళకే ఉంది. గుడ్లు పడగానే ఇద్దరూ చెరోవైపు తిరిగి, అక్కర్లేని వస్తువులు సర్దడం మొదలుపెట్టారు.

మర్నాటికి గుడ్లు పిల్లల రూపానికి వచ్చాయి. ఆమె వాటికి రంగు పట్టించింది. మైక్రోస్కోపు దీపం పడితే, నరం ఉన్నచోట ఆ రంగు మెరుస్తుంది. కాసేపే మెరిసి ఆరిపోతుంది. పెద్దసారు ఆ సాయంత్రమే ఊరెళ్తున్నాడు, వచ్చేసరికి రొయ్యలు దిగిపోతాయి. చూసి పోదామని ఆయన గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, ఉరుము ఉరిమింది. వాన మొదలైంది. కరెంటు పోయింది.

"ఇక లాభం లేదులేమ్మా," అన్నాడు పెద్దసారు, బ్యాగు భుజాన వేసుకుంటూ.

"సార్, ఒక్క నిమిషం!"

చీకట్లో ఆమె గొంతు మళ్ళీ సన్నబడింది. అది వరండాలో వినిపించినట్టుంది. జనరేటరు నుంచి తీగ లాక్కుంటూ, నిలువునా తడిసి, ఎలక్ట్రీషియను లోపలికి వచ్చిపడ్డాడు. బల్ల కింద దూరి ప్లగ్గు గుచ్చాడు. మైక్రోస్కోపు దీపం వెలిగింది. చెయ్యి తీశాడు. ఆరింది. సాకెట్టు వదులు. మళ్ళీ నొక్కిపట్టాడు.

"నేను పట్టుకుంటాను. మీరు చూడండి."

అలా అతని తల బల్ల కింద, మిగతా మనిషి బయట ఉండిపోయాడు. పెద్దసారు అతని కాళ్ళు దాటుకుని వెళ్ళి కుర్చీలో కూచున్నాడు. చూశాడు. అద్దం తిప్పి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. కిటికీ కాగితాల వెనక వాన దబదబమంటోంది.

"తల దగ్గర ఏమీ లేదే," అన్నాడు చివరికి.

"తోక దగ్గర సార్?"

ఆయన గొణిగాడు.

"వినపడలేదు సార్," అంది బల్ల కింది గొంతు.

"ఉందయ్యా, ఉంది! ఒకటే. ముందుకు పాకుతోంది కూడా." పెద్దసారు లేచి, ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు. "రొయ్యలకి ఇంకో గది చూడమంటాను. ముందు దీన్ని ఫోటో తియ్యి."

ఆయన వెళ్ళాక ఆమె ఫోటోలు తీసింది. తీస్తూ కళ్ళు తుడుచుకుంది. తరవాత, బయటికి కనిపిస్తున్న తడి బూట్లవైపు చూసింది.

"మీరూ మా పిల్లల్లాగే ఉన్నారు. తోకవైపే ముందు కనిపిస్తోంది."

"వదిలెయ్యనా మేడమ్?"

"వద్దు. ఒకటి చెప్పి వదలండి. రోజూ ఎందుకొచ్చేవారు?"

"టైమరు..."

"ఆ టైమరు నేను కొన్నప్పట్నుంచీ చెడిపోలేదు."

తడి బూట్లు ఒకదాన్నొకటి రాసుకున్నాయి. తరవాత బల్ల కింది నుంచి నెమ్మదిగా వినిపించింది. "నేను రాలేదండీ. కాళ్ళు తీసుకొచ్చేవి."

"మరి తలకెప్పుడు తెలిసింది?"

అతను జవాబు చెప్పాలని తల ఎత్తాడు. బల్ల ఠంగుమంది. దీపం ఆరింది.

"ఇప్పుడే," అన్నాడు చీకట్లో.

ఆమె నవ్వు ఆగలేదు. నవ్వుతూనే బల్ల కిందికి చెయ్యి చాపింది. అతని తల కోసం వెతికి, చెయ్యి దొరికితే దాన్నే పట్టుకుంది.

ఫోను మోగింది. ఈసారి అతనే ఖాళీ చేత్తో తడిమి అందుకున్నాడు.

"ఏమే, తల ముందొచ్చిందా, తోకా?" మిషను టకటకల మధ్య నుంచి అత్త.

"తోకేనండీ. తల ఇప్పుడే వచ్చింది. బొప్పి కూడా కట్టింది."

కుట్టుమిషను ఆగిపోయింది.

"చందమామవా బాబూ?"

"అవునండీ."

"రేపు మధ్యాహ్నం భోజనానికి రా."

అతను నెత్తి రుద్దుకున్నాడు. "మీ మధ్యాహ్నమా అత్తయ్యా, పురుగుల మధ్యాహ్నమా?"