పద్దెనిమిది నల్ల తెరలు

"అడక్కుండా తీసేయడానికి అదేమైనా మీ తాతగారి సొత్తా?"

పొద్దున్నే టీ తాగుతూ తెరిచిన మెయిల్లో మొదటి వాక్యమిది. రాసినామె పేరు కినాంతి. మా ఇండోనేషియాలోనే జోగ్జా అనే ఊళ్లో, ఒక వృత్తి విద్యా బడిలో, మైనంతో బట్టల మీద బొమ్మలు దిద్దే బాటిక్ డిజైన్ చెబుతుందట. కింద ఫోన్ నంబరు కూడా ఇచ్చింది, దమ్ముంటే మాట్లాడమన్నట్టు.

నేను దమర్‌ని. ఉండేది బండుంగ్‌లో. కంప్యూటర్ తెర మీద విండోలను గీసి, జరిపి, పేర్చే ప్రోగ్రామ్ ఒకటుంది. అది ఎవరి సొత్తూ కాదు, నాలాంటి వాళ్లు తీరిక దొరికినప్పుడల్లా ఉచితంగా రాస్తుంటారు. అందులో పాతకాలపు గ్రాఫిక్ కార్డుల కోసం ఉన్న భాగాన్ని మొన్న నేనే తీసేశాను. గొప్ప పని చేశానని మురిసిపోయాను కూడా.

ఫోన్ చేశాను.

"అడిగానండీ! మా మెయిలింగ్ లిస్టులో వారం గడువిచ్చాను. ఒక్కరూ కాదనలేదు."

"ఆ లిస్టు ఎవరు చదువుతారు?"

"మేమే."

"అంటే మిమ్మల్ని మీరే అడిగి, మీరే తలూపుకున్నారన్నమాట! మొన్నటి అప్‌డేట్‌తో ఇక్కడ పద్దెనిమిది పాత కంప్యూటర్ల తెరలు నల్లబడ్డాయి. సోమవారం మా పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష. ఏం గీయమంటారు వాళ్లని?"

రోషం వచ్చింది. తప్పు నాదే కావడంతో మరీ ఎక్కువ వచ్చింది. వస్తున్నానని మెసేజ్ పెట్టి, శనివారం పొద్దున్నే రైలెక్కాను.

జోగ్జా స్టేషన్ బయట కుండపోత. వేళ్ల మీద మైనం మరకలున్న ఒకమ్మాయి గొడుగు పట్టుకుని ఎదురొచ్చింది.

"మీరేనా! ఫోన్లో గొంతు విని గడ్డం ఉంటుందనుకున్నాను."

"మీ మెయిల్ చదివి చేతిలో బెత్తం ఉంటుందనుకున్నాను."

పకపకా నవ్వింది. నా రోషం కాస్తా తిరుగు రైలెక్కేసింది.

ఆ సాయంత్రమూ, మర్నాడూ ఒక్కో మిషన్లో పాత భాగాన్ని తిరిగి పెడుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం గుదెగ్ తెచ్చి ముందు పెట్టింది.

"పనసకాయ కూర తియ్యగా ఉందేమిటండీ?"

"జోగ్జాలో కూర తీపి, మాట కారం. తినండి."

మూడింటికి పద్దెనిమిదో తెర వెలిగింది. కినాంతి చప్పట్లు కొట్టింది. అప్పుడే నా ఫోన్ మోగింది. ఆ భాగాన్ని అసలు ప్రోగ్రామ్‌లోనూ తిరిగి చేర్చమని రాత్రి నేను పంపిన కోడ్‌కి, మా ప్రోగ్రామ్ పనంతా చూసుకునే పెద్దాయన జవాబు: "ఉంచాలంటే బాధ్యత ఎవరిది? రాసేవారొకరు, పాత మిషన్ మీద చూసేవారొకరు కావాలి. సాయంత్రంలోగా ఇద్దరి పేర్లూ బాధ్యుల ఫైల్లో చేర్చు. లేకపోతే వద్దు."

అంటే వచ్చే అప్‌డేట్‌కి ఈ తెరలన్నీ మళ్లీ నల్లబడతాయి.

"రాయడానికి నేనున్నాను, కానీ నా దగ్గర పాత మిషన్ లేదు," అన్నాను, ఫైల్లో నా పేరు కొడుతూ.

"నా దగ్గర పద్దెనిమిదున్నాయి. కోడ్ మాత్రం ఒక్క ముక్క రాదు."

"తెర వెలిగిందో లేదో చూసి చెబితే చాలు. కాకపోతే... ఒకసారి పేరు రాస్తే ఏళ్ల తరబడి ఇద్దరం కలిసి చూసుకోవాలి."

ఆమె నా కళ్లలోకి చూసింది. "గ్రాఫిక్ కార్డు గురించేనా మీరు మాట్లాడేది?"

అవునని తప్పించుకుందామనుకున్నాను, నోరు నా మాట వినలేదు.

"కాదు. మీరంటే నాకిష్టం కినాంతీ. మీరు కాదన్నా ఈ కోడ్ నేను వదిలిపెట్టను, ఆ బెంగ పెట్టుకోకండి."

రేకుల మీద వాన దంచుతోంది. ఆమె కీబోర్డు తన వైపు లాక్కుంది. నా పేరు కింద ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ తన పేరు కొట్టింది.

"కొత్త విడుదల ఎన్నాళ్లకోసారి?"

"ఆర్నెల్లకి. అప్పుడు టెస్టింగ్‌కి తప్పకుండా వస్తాను."

"ఆర్నెల్లా!" మూతి ముడిచింది. "అన్నాళ్లు నా వల్ల కాదు దమర్. వచ్చే శనివారమే రా. అమ్మకి నిన్ను చూపించాలి."