పై చిల్లులో తాళం

టర్బైన్ గుంతలోంచి ఫిట్టర్ శవాన్ని పైకి తీసేసరికి మధ్యాహ్నమైంది.

బ్లేడ్లు బాగుచెయ్యడానికి దిగాడు. పైన గేటు లేచింది. నీళ్ళు విరుచుకుపడ్డాయి. పాపం, కేక వేసే వ్యవధి కూడా లేకపోయింది.

"ఇంకా విచారణేంటి సార్? హంతకుడు దొరికాడుగా!" షిఫ్ట్ ఇంజనీర్ ఇన్‌స్పెక్టర్‌ని కసిరాడు. పోయింది అతని సొంత చెల్లెలి మొగుడు.

దొరికినవాడు అవతలి ఒడ్డు కూలీ. గేటు లివర్ దగ్గర సుత్తితో పట్టుబడ్డాడు. పక్కనే పగిలిన తాళం.

ఆ సరిహద్దు నది ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. డ్యామ్‌ని మాత్రం రెండు ఒడ్లవాళ్ళూ కలిసి నడుపుతున్నారు. ఇప్పుడు డ్యామ్ మీద ఇరువైపులా తుపాకులు బారులు తీరాయి. కూలీయే చంపాడని ఇన్‌స్పెక్టర్ ఒక్క మాట అన్నాడా, ఇక అంతే సంగతులు.

ఇన్‌స్పెక్టర్ లివర్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఈ తాళం దేనికి?"

"లివర్ ఎత్తితే గేటు లేస్తుంది, దించితే మూసుకుంటుంది," ఇంజనీర్ చెప్పాడు. "లోపలికి దిగేవాడు లివర్ దించి, కింది చిల్లులో సొంత తాళం వేసుకుంటాడు. పైకొచ్చాక తనే తీస్తాడు. ఇంకెవరూ ముట్టుకోరు."

"తాళంచెవి?"

"బావ జేబులోనే ఉంది."

ఇన్‌స్పెక్టర్ వేలితో తడిమి చూశాడు. కింది చిల్లు చుట్టూ రంగు చెక్కుచెదరలేదు. సుత్తి దెబ్బలన్నీ, లివర్ ఎత్తినప్పుడు తాళం పట్టే పై చిల్లు దగ్గరే.

"నువ్వు కొట్టినప్పుడు తాళం ఎక్కడుందిరా?"

"పైన సార్!" కూలీ ఏడ్చేశాడు. అతని అరచేతులు చిట్లిపోయి ఉన్నాయి. "గేటు ఎత్తి, పైన తాళం వేసేశారు. పగలగొట్టి దించుదామనుకున్నా. లోపల ఫిట్టర్ అన్న ఉన్నాడు సార్!"

ఇన్‌స్పెక్టర్ లేచాడు.

"కింద తాళం పగలగొట్టకుండా తీసి, గేటు మళ్ళీ ఎవరూ దించకుండా పైన వేశారు. అంటే చెవి ఉన్నవాడి పని. రెండో చెవి ఎక్కడుంది?"

శవం పక్కన కూర్చున్న ఫిట్టర్ భార్య తలెత్తింది.

"ఇంట్లో, ఉప్పు డబ్బా వెనకాల. పొద్దున అన్నయ్య వచ్చి, బావ చెవి మరిచిపోయాడంటే నేనే…"

ఆమె ఇంజనీర్ వైపు తిరిగింది.

"అన్నయ్యా?"

"అవతలి ఒడ్డువాళ్ళకి పనంతా నేర్పేస్తున్నాడే నీ మొగుడు!" ఇంజనీర్ అరిచాడు. "ఇవాళ పని, రేపు డ్యామ్! వాళ్ళని తరిమెయ్యాలంటే మనవాడు ఒకడు పోవాలి. నీకర్థం కాదు!"

"నమ్మించి గొంతు కోశావు కదరా! నా చేతి కాఫీ తాగి మరీ వెళ్ళావు!"

ఇన్‌స్పెక్టర్ అతని జేబులోంచి చెవి తీశాడు. కూలీ బేడీలు విప్పి ఇంజనీర్‌కి వేశాడు. వైర్‌లెస్ అందుకున్నాడు.

"తుపాకులు దించమనండి. చంపింది మనవాడే."

ఆమె చెయ్యి చాపింది.

"ఆ చెవి ఇటివ్వండి. మా ఇంటిది."

"కుదరదమ్మా. సాక్ష్యం."

చాపిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకోలేదు.

"ఎవరడిగినా ఇవ్వొద్దన్నారాయన. అన్నయ్యేగా అనుకున్నాను."