ఐదింటి ఫోన్

శవం మంచం మీద వెల్లకిలా ఉంది. ఇరవై ఒక్క ఏళ్ల అమ్మాయి. యూనివర్సిటీలో ఆఖరి ఏడాది. చివరి పరీక్ష రాసి ఏడు గంటలు కూడా కాలేదు.

మేడ మీద ఆమె అద్దె గది. ఇంటి ఓనర్ రాత్రి 7.40కి నీళ్ల ట్యాంకు చూడటానికి పైకెళ్లి, తెరిచి ఉన్న తలుపులోంచి చూశాడు.

రెండు ఖాళీ సీసాలు. మాత్రల రేకులో ఒకటే మిగిలింది. కుర్రాళ్లు దానికి పెట్టుకున్న పేరు 'సిగ్గు మాత్ర'. వేసుకుంటే సిగ్గు పోతుందట.

మరునాడు ఉదయం 10.00. పోస్ట్‌మార్టం రిపోర్ట్ స్టేషన్‌కి వచ్చింది. మద్యంతో మాత్ర కలిసింది. స్పృహ తప్పాక వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయింది. మరణం సాయంత్రం ఆరు ప్రాంతంలో. అంతకుముందు ఎవరితోనో శారీరకంగా కలిసింది. ఏ జాగ్రత్తా లేదు. అతనెవరో ల్యాబ్ చెప్పడానికి పది రోజులు పడుతుంది.

ఇన్‌స్పెక్టర్ పది రోజులు ఆగదలచుకోలేదు.

పరీక్షలు అయిపోయాయని ఆ గదిలో చేసుకున్న పార్టీలో ఆమెతో కలిపి నలుగురు. జంటలు కట్టడానికి చీటీలు రాశారు. అవి విప్పకముందే, మూడింటికి, ఒక అమ్మాయి వాంతులతో ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మిగిలిన ఇద్దరు కుర్రాళ్లు ఇప్పుడు బెంచీ మీద ఉన్నారు. ఒకడిని గిటార్ అంటారు. రెండోవాడు మెడిసిన్ మూడో ఏడాది. మాత్రలు తెచ్చేది అతనే కనుక డాక్టర్.

నాలుగింటికే ఇంట్లో ఉన్నానని ఇద్దరూ చెప్పారు. గదిలో మిగిలింది వాడేనని ఒకడి వైపు ఒకడు వేలు చూపించారు.

గోడ పక్కన చనిపోయిన అమ్మాయి తల్లి కూర్చుంది. బట్టలు కుట్టి కూతుర్ని చదివించింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. రోజూ ఐదింటికి కూతురికి ఫోన్ చేస్తుంది. నిన్న చేయలేదు. 4.52కి మెసేజ్ వచ్చింది.

'అమ్మా, పరీక్ష అయిపోయింది. తలనొప్పిగా ఉంది, పడుకుంటున్నా. మీరు ఫోన్ చేయకండి.'

చేసి ఉంటే బతికేదా అని పొద్దున్నుంచి మూడుసార్లు అడిగింది. ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పలేదు.

కుర్రాళ్లిద్దర్నీ ఇళ్లకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పమన్నాడు. స్పీకర్ పెట్టి.

గిటార్ ముందు చేశాడు.

"మళ్లీ ఏం వెలగబెట్టావురా?" అంది వాళ్లమ్మ.

"తర్వాత చెప్తానే. నువ్వు తినేసెయ్, నాకోసం చూడకు."

తర్వాత డాక్టర్.

"అమ్మా, చిన్న పని మీద స్టేషన్‌కి వచ్చాను. మీరు కంగారు పడకండి."

"నిన్న ఐదున్నరకి వచ్చి అన్నం ముట్టకుండా పడుకున్నావు. ఒంట్లో బాగుందా నాన్నా?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ లాక్కుని బల్ల మీద పెట్టాడు. కట్ చేయలేదు.

"ఐదున్నర. నాలుగు కాదు. సరే, ఇంకోటి. ఆ పిల్ల తల్లికి పంపిన మెసేజ్‌లు రెండొందలు చదివాను. అన్నిట్లో నువ్వు, నీకు. ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. నిన్న ఒక్కదాంట్లో 'మీరు' ఎలా వచ్చింది? నీకు నీ తల్లితో అలాగే అలవాటు. వేళ్లు అలవాటునే కొట్టాయి."

డాక్టర్ ఫోన్ కట్ చేయబోతే ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆమె ఫోన్ ఆమె బొటనవేలికే తెరుచుకుంటుంది. స్పృహలేని పిల్ల వేలు పట్టుకున్నావు."

"గురక పెడుతోంది సార్. నిద్రపోతే మత్తు దిగిపోతుందనుకున్నా. ఐదింటికి వాళ్లమ్మ చేస్తుందని ముందే చెప్పింది. మోగుతూనే ఉంటే కింద ఓనర్ వస్తాడు."

"పక్కకి తిప్పి పడుకోబెట్టాలని మీకు నేర్పరా?"

"నేర్పుతారు."

"అంబులెన్స్?"

"మాత్రలు దొరుకుతాయి. సీటు పోతుంది."

తల్లి లేచి నిలబడింది. "అయితే నేను చేసుంటే?"

ఈసారి ఇన్‌స్పెక్టర్ జవాబు చెప్పాడు. "బతికేదేమోనమ్మా. అబద్ధం చెప్పను. కానీ మానుకుంది మీరు కాదు. మాన్పించింది వీడు."

బల్ల మీది ఫోన్‌లోంచి డాక్టర్ తల్లి సన్నని గొంతు వినిపించింది. "సార్, ఆవిడ అక్కడే ఉన్నారా? ఒక్కసారి ఫోన్ ఇవ్వండి."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ ఆమె వైపు జరిపాడు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. శవాన్ని ఎప్పుడిస్తారని అడిగింది.