మండే ముందు క్షణం

ప్రొఫెసర్ విశ్వేశ్వరరావును మండే నాడు చంపారు. మండేవాటితోనే బతికిన మనిషి. ఎవరో తలుపు నాక్ చేస్తే వెళ్లి తీశాడు. ఇంజన్లలో టకటకమనే నాక్ ఎందుకొస్తుందో జీవితమంతా పరిశోధించినాయనకు, ఆ నాక్ ఎందుకొచ్చిందో తెలుసుకునే వ్యవధి దొరకలేదు. సైలెన్సర్. గుండెలో ఒకటే బుల్లెట్. లోపలి గదిలో బీరువా తెరిచి ఉంది. ఒక సీసా లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు వెనక సీక్రెట్ బ్రాంచ్ ఆఫీసు. అడ్మిషన్ కోసం నిజంగానే వచ్చిన ఇద్దరిని బయటికి పంపి, చీఫ్ పట్టాభి తలుపు వేశారు. ఎదురుగా ఏజెంట్ క్రాంతికుమార్, అతని పార్ట్‌నర్ వాసంతి. క్రాంతిది పోచంపల్లి చీరల వ్యాపారి వేషం. తాత మగ్గం మీద పుట్టిన వేషం కాబట్టి అతికినట్టుంది. వాసంతికి వేషం అక్కర్లేదు. ఆమె నడిచొస్తుంటే అందరూ మొహమే చూస్తారు, చేతులు చూడరు.

పట్టాభి క్లుప్తంగా చెప్పారు. వేడి, ఒత్తిడి తగిలాక కూడా ఇంధనం అంటుకునే ముందు కంటికందనంత సేపు ఆగుతుంది. ఇగ్నిషన్ డిలే. దాన్ని కొలవడమే ప్రొఫెసర్ పని. సీసాలోది ఆ డిలేను తగ్గించే ద్రావకం. నాసిరకం డీజిల్‌ను శుభ్రంగా మండించడానికి ఆయన తయారుచేసుకున్నాడు. అదే చిన్న విమానాల పెట్రోల్లో కలిస్తే, పెట్రోలు వేళ కాకముందే మండి పిస్టన్లను గాల్లోనే పగలగొడుతుంది. సీసా కొట్టేయించిన విదేశీ ముఠా ప్లాన్ అదే. రేపు పొద్దున ట్రైనింగ్ క్యాడెట్లు మొదటిసారి ఒంటరిగా ఎగురుతున్నారు. వాళ్ల ఇంధనం వ్యాన్ ఈ సాయంత్రం ఎల్బీ నగర్‌లో ఆగుతుంది. సీసా అక్కడే చేతులు మారుతుంది.

దొంగ కోడ్‌నేమ్ ‘దీపం’. ఒకప్పుడు ప్రొఫెసర్ ల్యాబ్‌లో ట్రైనీ అయి ఉండాలి. లేకపోతే అన్ని సీసాల్లో ఆ సీసానే తీయడం అసాధ్యం.

“విమానాలే ఆపేద్దాం గద సార్,” అన్నాడు క్రాంతి.

“ఆపితే దీపం ఆరిపోతుందయ్యా. మళ్లీ ఎక్కడ వెలుగుతుందో ఎవడికి తెలుసు?” పట్టాభి కళ్లజోడు తీసి తుడిచారు. “ఆ క్యాడెట్లలో మా అమ్మాయి సుప్రియ ఉంది. ఈ ముక్క ఫైల్లో రాయలేదు.”

ల్యాబ్‌కు క్రాంతి ఒక్కడే వెళ్లాడు. వాసంతికి పెట్రోలు వాసన పడదట. కామర్స్ చదివిన తనకు అక్కడ ఏం అర్థమవుతుందని ఎల్బీ నగర్ మెట్రో దగ్గర కాపలాకు వెళ్లింది.

ప్రొఫెసర్ సహోద్యోగి వేదవతి షాక్ ట్యూబ్ చూపించింది. గది పొడవునా స్టీలు గొట్టం, మధ్యలో అల్యూమినియం రేకు. ఒక పక్క గ్యాస్ ఒత్తిడి పెంచితే రేకు పగులుతుంది. ఆ దెబ్బకు అవతలి పక్కనున్న ఇంధనపు ఆవిరి అంటుకుంటుంది. ఆమె “మూడు, రెండు” అనగానే అందరూ చెవులు మూసుకున్నారు, క్రాంతి తప్ప. షాక్ తగిలింది ట్యూబ్‌కు కాదు, అతనికి.

“ఇక్కడ పనిచేశాక ఈ అలవాటు చచ్చినా పోదండీ,” అంది వేదవతి. “పెళ్లి ఫొటోల్లో కూడా మా వాళ్ల చేతులు చెవుల మీదే ఉంటాయి. సార్ అయితే మరీనూ.” కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం ఎల్బీ నగర్. బస్సుల కోసం తోసుకునే జనం. మెట్రో మెట్ల కింద వాసంతి, కాస్త ఇవతల చీరల మూటతో క్రాంతి, చెవిలో బఠాణీ గింజంత రేడియో. వ్యాన్ వచ్చి ఆగింది. డ్రైవర్ దిగి, బానెట్ ఎత్తి, రిపేరు నటించాడు. ట్యాంకులో పెట్రోలు ఆక్టేన్ గ్రేడు ఎంతో గానీ యాక్టింగ్ మాత్రం నాసిరకం.

“ఇక్కడ నేను చూసుకుంటాను క్రాంతి గారూ,” అంది రేడియోలో వాసంతి. “మీరు బస్టాప్ వైపు వెళ్లండి.”

డ్రైవర్ బానెట్ దించి మెట్ల దగ్గరి గుంపులోకి నడిచాడు. అతన్ని పట్టుకుంటే దొరికేవి ఖాళీ చేతులే. సీసా ఇచ్చేవాళ్లు కావాలి. ఎటు చూసినా మొహాలే.

క్రాంతి పక్కనున్న బత్తాయిల బండి మైకు అందుకున్నాడు. “అన్నా, జర ఇయ్యి.”

“మూడు... రెండు...”

జనం తిరిగి చూశారు. బత్తాయిలు చవకేమోనని ఒకామె సంచీ విప్పింది. ఎవరి చేతులూ లేవలేదు.

మెట్ల కింద రెండు లేచాయి. వాసంతివి. చెవులు గట్టిగా మూసుకుని, మెడ వంచి నిలబడింది. భుజం మీది హ్యాండ్‌బ్యాగ్ జారి, డ్రైవర్ చాచిన చేతికి జానెడు ఇవతల పడింది.

రేకు పగలలేదు. మోత రాలేదు. ఆమె తలెత్తి క్రాంతిని చూసింది. మండే ముందు క్షణం. పిస్తోలు కోసం ఆమె బ్యాగు మీదికి వంగేసరికి చీరల మూట వచ్చి మొహాన పడింది. మఫ్టీలో ఉన్న పోలీసులు డ్రైవర్‌ను పట్టుకున్నారు. బ్యాగులో సీసా పగలకుండా దొరికింది.

“ప్రొఫెసర్ సార్‌ను ఎందుకు చంపినవ్?” అడిగాడు క్రాంతి.

“గుర్తుపట్టారు,” అంది వాసంతి. “ఎన్నాళ్లకొచ్చావమ్మా, లోపలికి రా, టీ పెడతానన్నారు.”

క్రాంతి చీరల మూట ఎత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున సుప్రియ ఎగిరింది, దిగింది. అంతసేపూ పట్టాభి ఒక అడ్మిషన్ ఫారం చదువుతూ కూర్చున్నారు, తలకిందులుగా పట్టుకుని.

తర్వాత స్టేషన్లో నిందితురాలి ఫొటో తీస్తూ ఫొటోగ్రాఫర్ అలవాటుగా “త్రీ, టూ” అన్నాడు. వాసంతి చేతులు లేచాయి. బేడీల వల్ల ఒక చెవే అందింది.

“పర్లేదు, రెండోది తెరిచే ఉంచమనండి,” అన్నారు పట్టాభి. “జడ్జిగారు చెప్పేది వినడానికి ఒకటి చాలు.”