హైకూలో ఎవరో వచ్చారు

పాల ప్యాకెట్ కోసం మేస్త్రి భార్య వీధి తలుపు లాగింది. తలుపు ఎప్పటిలాగే నేలను గీసుకుంటూ కీచుమంది. వానలకి చెక్క ఉబ్బి చాలా కాలంగా అదే వరస. ఊళ్ళో సగం ఇళ్ళకి తలుపులు బిగించిన వడ్రంగి మేస్త్రి ఇల్లు అది. పరువు తక్కువ సంగతే కానీ, అడిగే ధైర్యం ఎవరికుంది?

"ఇవాళైనా దీని సంగతి చూస్తారా?" అందావిడ.

"రోజూ చూస్తూనే ఉన్నాగా" అన్నాడు మేస్త్రి పేపర్లోంచి తల ఎత్తకుండా. "తియ్యడానికి బద్ధకమైతే తియ్యకు."

"బద్ధకం నాదా! రెండు రెక్కలూ పీక్కుపోతున్నాయి."

నడిమి గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్ళ చిన్నమ్మాయి చిట్టి "అబ్బా, కాసేపు నోళ్ళు మూస్తారా!" అని అరిచింది.

అరవదూ మరి? ఆ మధ్యాహ్నంతో ఆమె బతుకు అటో ఇటో తేలిపోతుంది. చిట్టి చేరిన కంపెనీ, మనుషుల్లా రాసే కంప్యూటర్ మోడల్‌ని తయారుచేస్తోంది. దానికి హైకూ రాయడం నేర్పే పని చిట్టికి అప్పగించారు. మూడు పాదాలు, పదిహేడు అక్షరాలు, ఒక్క క్షణంలో కంటబడిన దృశ్యం. అంతే హైకూ. మోడల్ ఒక మాట మీద రెండు హైకూలు రాసి చూపిస్తుంది. మనిషి అందులో బాగున్నదాన్ని నొక్కాలి. అలా వేల సార్లు నొక్కితే, ఏది నచ్చుతోందో పసిగట్టి, అది ఆ దారి పడుతుంది. పసిపిల్ల ముద్ద ఉమ్మేసిందా మింగిందా చూసుకుని తల్లి వంట మార్చుకున్నట్టు.

మధ్యాహ్నం కంపెనీ మేడమ్ దాన్ని పరీక్ష చేసి చూస్తుంది. నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే ఇంటికి పొమ్మంటుంది. అప్పుడు తండ్రి షెడ్డులో కూర్చుని వచ్చినవాళ్ళకి కొలతలు రాసిపెట్టాలి. ఆ మాట మేస్త్రి ముందే చెప్పి ఉంచాడు. "యంత్రానికి కవిత్వం నేర్పుతుందట! దూలానికి ఈత నేర్పినట్టు" అని వారానికోసారి దెప్పేవాడు కూడా.

చిట్టి ఆఖరిసారిగా సరి చూసుకుందామని 'కాకి' అని కొట్టింది. తెర మీద మూడు పాదాలు వచ్చాయి.

కాకి అరుపు
వాకిట్లో ఎవరివో
తడి చెప్పులు

బాగుందే అనుకుంది. 'కుర్చీ' అని కొట్టింది.

పాత కుర్చీలో
ఇన్నాళ్ళకి వచ్చిన
వాడి బరువు

ఇదీ బాగుంది. అయినా మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది. 'చందమామ' అంది. చందమామ ఎటు పోయాడో కానీ, ఎవరో బయట నిలబడితే అమ్మ గడియ తీస్తోంది. 'చీమలు' అంటే చీమలబారు గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చింది. 'సముద్రం' అంటే పడవ దిగినవాడు ఇంటి దీపం చూసుకుంటూ నడుస్తున్నాడు. 'నత్త' అని కొడితే ఆ నత్త కూడా ఇల్లు చేరింది! వీపు మీద ఇల్లు మోసుకు తిరిగేదానికి ఇంకో ఇల్లెందుకో!

ఏ మాట అడిగినా ఎవరో ఒకరు తిరిగి ఇంటికొచ్చేస్తున్నారు. తను ఎంచినవాటిలో వాన ఉంది, సాలెగూడు ఉంది, ఎండిన ఆకుంది. ఈ రాకలు ఎక్కడివి?

అప్పుడు జ్వరం రోజులు గుర్తొచ్చాయి. ఒళ్ళు కాలిపోతుంటే, పని ఆగిపోతుందన్న బెంగతో, "అమ్మా, బాగున్నదాన్ని నువ్వే నొక్కేస్తూ ఉండు" అని తల్లిని కూర్చోబెట్టింది. చేయకూడని పని. చేసింది. పైగా నొక్కినవాటిని ఒకసారైనా తిరగేసి చూడలేదు.

"అమ్మా! ఇటు రా!"

కాఫీ గ్లాసుతో వచ్చిందావిడ. "ఏమైందే? ఇల్లు కూలినట్టు ఆ అరుపేంటి?"

"కూలింది నా ఉద్యోగం! ఇది చూడు. అన్నిట్లోనూ ఎవరో వస్తున్నారు. ఏం చూసి నొక్కావమ్మా?"

ఆవిడ తెర వంక చూసింది. తర్వాత ముందుగదిలో పేపరు వంక చూసింది. ఆ పేపరు కదలడం లేదు.

"బాగున్నాయనిపించిందే" అంది మెల్లగా.

"ఇన్నిటా? కళ్ళు మూసుకుని నొక్కినా సగమైనా వేరేవి పడాలి కదా! చదివి, వెతికి మరీ నొక్కినట్టుంది. నీకు పని చెప్పడం నాదే బుద్ధితక్కువ. చదువు సరిగ్గా రానిదానికి..."

"దాన్నెందుకు తిడతావ్?"

మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదుంది. "మీ అమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కునేసరికి తెల్లారిపోతోంది. అందుకని నొక్కింది నేను."

చిట్టి కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"నువ్వా! కావాలనే చేశావు కదూ నాన్నా? యంత్రం పేరు చెబితేనే నీకు ఒళ్ళు మంట. నేను ఓడిపోయి నీ షెడ్డులో మూల కూర్చుంటే నీ పంతం నెగ్గుతుంది!"

"నోరు అదుపులో పెట్టుకో."

"పెట్టుకోను! అన్నయ్య యంత్రాలున్న చోట పని చేస్తానంటే గుమ్మం దాటితే మళ్ళీ రావద్దన్నావు. ఇప్పుడు నా వంతు వచ్చింది. ఎవర్నీ బాగుపడనివ్వవా నువ్వు?"

తల్లి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ ఇంట్లో పెద్దోడి మాట ఎత్తి చాలా కాలమైంది. రెడీమేడ్ బీరువాలు చేసే కర్మాగారంలో చేరతానన్నాడు వాడు. "అట్టముక్కలకి మేకులు కొట్టేవాడు నా కొడుకు కాడు" అన్నాడు మేస్త్రి. అదే ఊళ్ళో, వంతెనకి అవతల, వాడు వేరే కాపురం పెట్టాడు. ఈయన పిలవలేదు, వాడు రాలేదు. పంతంలో తండ్రికి తగ్గ కొడుకు. నడుమ నలిగిపోయింది మాత్రం తల్లి.

మేస్త్రి ఎగిరిపడతాడని ఇద్దరూ కాచుకున్నారు. ఆయన వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"వెటకారానికే కూర్చున్నాను మొదట" అన్నాడు. "ఇదేం రాస్తుందిలే అని. ఒకదాంట్లో ఆకు రాలింది. ఇంకోదాంట్లో ఎవరో చెప్పులు విప్పుకుంటున్నాడు. చెప్పులది బాగుందనిపించింది, నొక్కాను. మళ్ళీ అలాంటిదొస్తే మళ్ళీ నొక్కాను." అరచేతులు రెండూ చూసుకున్నాడు. "చెడగొడుతున్నానని తెలీదే తల్లీ. ఎవరో వచ్చినట్టుంటే బాగుండేది. అంతే."

చిట్టి తెర వైపు తిరిగింది. కాకి, కుర్చీ, చందమామ, చీమలు. అన్నిట్లోనూ ఉన్నది ఒక్కడే. ఇంట్లో నోరు విప్పి అడగలేని మాటని ఈయన అన్ని రోజులు కూర్చుని యంత్రానికి చెప్పుకున్నాడు. అది బుద్ధిగా విని నేర్చుకుంది. పక్కగదిలోనే ఉండీ తను వినలేదు.

"మరి నాతో అనొచ్చు కదండీ!" తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. "వాడి ఊసెత్తితే మీకు కోపమొస్తుందని, వాడితో ఫోన్లో మాట్లాడాలంటే మిద్దె మీదికి పోతున్నాను నేను. మోకాళ్ళు అరిగిపోయాయి."

"తెలుసులే. బట్టలు ఆరేసే మనిషి ఉత్త చేతులతో ఎక్కుతుందా?"

ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది. నవ్వుతూ మళ్ళీ ఏడ్చింది.

మధ్యాహ్నం మేడమ్ ఫోన్ చేసింది. "ఏమిటమ్మా ఇది? తుఫాను మీద రాయమంటే ఎవడో గొడుగు ముడుచుకుని ఇంట్లోకి వస్తున్నాడు. ఎవరు వీడు?"

చిట్టి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ జ్వరం సంగతి, తండ్రి నొక్కిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"వేరేవాళ్ళ చేత చేయించడం తప్పు. ఆయన నొక్కినవన్నీ తీసేసి, ఆ భాగం మొదట్నించి నువ్వే చెయ్యి. నీ ఉద్యోగం సంగతి ఆ తర్వాతే మాట్లాడదాం." ఫోన్ పెట్టేస్తుందనుకుంటే, మేడమ్ గొంతు తగ్గించింది. "ఆ పాత కుర్చీది మాత్రం నాకు విడిగా పంపు. ఆఫీసు కోసం కాదు."

చిట్టి మళ్ళీ మొదటికొచ్చింది. కొండెక్కినవాడు చెప్పులు మర్చిపోయానని దిగినట్టుంది ప్రాణం. తల పట్టుకుని కూర్చుంటే ముందుగదిలో మాటలు వినపడ్డాయి.

"ఏమేవ్, వాడికి ఫోన్ చెయ్యి."

"మీరు చెయ్యండి."

"నేనేం మాట్లాడతాను? తలుపు బిగుసుకుపోయింది, ఊడదీసి పట్టుకోవాలంటే ఒక్క మనిషి వల్ల కాదని చెప్పు. తీరిక ఉంటేనే రమ్మను."

ఆవిడ ఈసారి మిద్దె ఎక్కలేదు. ఆయన ఎదురుగానే నిలబడి ఫోన్ చేసింది. "ఒరేయ్ పెద్దోడా, తలుపు..." అని ఆగిపోయింది. మిగతాది చెప్పాల్సిన అవసరం రాలేదు.

సాయంత్రం సన్నగా వాన మొదలైంది. తలుపు కీచుమని గీసుకుంది. పెద్దోడు లోపలికి రాకుండా గుమ్మం అవతలే నిలబడ్డాడు. తండ్రి అప్పుడన్న మాట అడ్డం. చేతిలో చెక్క నునుపు చేసే కరెంటు చిత్రిక.

మేస్త్రి దాన్ని ఎగాదిగా చూశాడు. "ఈ రొద లేకుండా చెక్కలేవురా?"

"చేత్తోనే చెక్కమంటే చెక్కుతాను నాన్నా."

"ఎందుకు, చీకటి పడుతుంది. కానియ్. నేను పట్టుకుంటాను."

ఇద్దరూ తలుపు ఊడదీసి అడ్డంగా పడుకోబెట్టారు. చిత్రిక రొద ఇల్లంతా నిండింది. రాలిన పొట్టు మేస్త్రి తల మీద పడింది. ఆయన దులుపుకోలేదు. ఒకసారి మాత్రం "అక్కడ ఇంకాస్త" అన్నాడు. కొడుకు ఇంకాస్త తీశాడు. తిరిగి బిగించాక మేస్త్రి తలుపు వేసి చూశాడు, తీసి చూశాడు. చప్పుడు లేదు.

"ఇంతేనా పని!" అంది భార్య. "ఇన్నాళ్ళూ నా రెక్కలు విరగ్గొట్టారు కదండీ!"

"చప్పుడైతే ఎవరొచ్చారో తెలుస్తుందని ఉంచాను" అన్నాడాయన గోడకేసి చూస్తూ.

పెద్దోడు చిత్రిక సర్దుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. మేస్త్రి వంగి, మెట్టు మీద తడుస్తున్న కొడుకు చెప్పులు తీసి లోపల గోడ వారగా పెట్టాడు.

"తినే పోతావుగా?" అన్నాడు. "పో, చేతులు కడుక్కో."

చిట్టి గది గుమ్మంలోంచి ఆ తడి చెప్పుల వైపు చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద రెండు హైకూలు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాంట్లో ఎవరో ఇల్లు చేరుతున్నాడు. ఇంకోదాంట్లో తడి ఆకు మీద ఒక నత్త, ఎక్కడికీ పోకుండా ఉంది.

నత్తదే బాగుంది. వంటింట్లో అన్నయ్య ఏదో అని అమ్మని నవ్విస్తుండగా, చిట్టి నత్తని నొక్కింది.